ఆకాశంలో ఏదో కనబడితే ఎవరికి చెప్పాలి?

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చేయండి, బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

ఫ్లయింగ్ సాసర్ల మీద మాట్లాడమని గ్రంథాలయం వాళ్లు అడిగినప్పుడు నేనొక షరతు పెట్టాను. గ్రహాంతరవాసులు ఉన్నారా లేరా అన్న వాదన జోలికి ఈ సాయంత్రం పోను. ఆ వాదన టీవీల్లో జరుగుతూనే ఉంది, జరగనివ్వండి. నన్ను పట్టుకున్న విషయం వేరే. రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉన్న మనిషికి అర్ధరాత్రి ఆకాశంలో ఏదో కనబడింది, అదేంటో అంతుపట్టలేదు, తెల్లారి వెళ్లి ఎవరికో చెప్పాడు. ఆ మాట ఎక్కడికి పోతుంది? ఎవరు రాసుకుంటారు? రాసుకుంటే ఏం రాసుకుంటారు? ఆ తర్వాత అతనికి ఎవరైనా జవాబు చెప్తారా? డెబ్భై ఏళ్లకు పైగా చాలా ప్రభుత్వాలు ఈ పని చేస్తూ వచ్చాయి. కొన్ని బాగా చేశాయి, ఎక్కువ శాతం అధ్వానంగా చేశాయి. అధ్వానంగా చేసినవాటికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: చూసినవాడి మాట వినేలోపే ఆ ఆఫీసు తనకి కావాల్సిన ప్రశ్న తాను వేసేసుకుంటుంది.

అమెరికా నుంచే మొదలుపెడదాం, ఎక్కువ కాగితాలు అక్కడే ఉన్నాయి కాబట్టి. 1947 జూన్ 24న కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్, వాషింగ్టన్ రాష్ట్రంలో రెయినియర్ పర్వతం దగ్గర తొమ్మిది మెరిసే వస్తువులు మహా వేగంగా వెళ్లడం చూశానని చెప్పాడు. పేపర్లవాళ్లు ఫ్లయింగ్ సాసర్ అని పేరు పెట్టేశారు. ఇక దేశం నలుమూలల నుంచి రిపోర్టులే రిపోర్టులు. ఎయిర్‌ఫోర్స్ ఆ రిపోర్టులు పరిశీలించడానికి 1948లో ప్రాజెక్ట్ సైన్ అని ఒకటి పెట్టింది, తర్వాత అది గ్రడ్జ్ అయింది, 1952లో బ్లూ బుక్ అయింది. ఒహాయోలో రైట్-ప్యాటర్సన్ అనే ఎయిర్‌ఫోర్స్ స్థావరంలో నడిచేది. 1969 డిసెంబరులో మూసేసేనాటికి ఆ లెక్కల్లో 12,618 రిపోర్టులు ఉన్నాయి, అందులో 701 ఏమిటో తేలలేదు.

ఈ అంకెలు చాలామంది చెప్తారు. ఆ కాగితాలు ఎలా తయారయ్యాయో చూడాలి. అది ఎయిర్‌ఫోర్స్. వాళ్లకి కావాల్సింది ఒక్కటే, ఇది రష్యావాడిదా కాదా, మనకి ప్రమాదమా కాదా. కాదు అని తేలితే అక్కడితో వాళ్ల పని అయిపోయినట్టే. తప్పు పట్టను, సైన్యం పని అదే. కానీ ప్రమాదం కాదని తెలియడం వేరు, ఏమిటో తెలియడం వేరు కదా.

1952 జులైలో రాజధాని వాషింగ్టన్ మీదే వరసగా రెండు వారాంతాలు రాడార్లలో ఏవో చుక్కలు కనబడ్డాయి, ఫైటర్ జెట్లు పైకి లేచాయి, పేపర్లు హోరెత్తాయి. దాంతో 1953 జనవరిలో సీఐఏ కొందరు శాస్త్రవేత్తలతో, రాబర్ట్‌సన్ అనే భౌతిక శాస్త్రవేత్త అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ నాలుగు రోజులు కూర్చుని తేల్చిందేమిటంటే, ఈ వస్తువుల వల్ల నేరుగా ప్రమాదం కనబడటం లేదు గానీ ఈ రిపోర్టుల వల్ల ప్రమాదం ఉంది, నిజంగా శత్రువు దాడికి వచ్చిన రోజున టెలిఫోన్ లైన్లన్నీ ఇలాంటి కబుర్లతో నిండిపోతే మన గతేంటి అని. కాబట్టి జనానికి దీని మీద మోజు తగ్గించాలి, టీవీలూ సినిమాలూ వాడి అయినా సరే తగ్గించాలి అని సిఫారసు చేసింది. అదే ఏడాది ఎయిర్‌ఫోర్స్ రూలు ఒకటి వచ్చింది: ఏమిటో తేలిన కేసుల గురించే బయట మాట్లాడొచ్చు, తేలనివాటి గురించి మాట్లాడకూడదు. ఒక్క క్షణం ఆలోచించండి. తేలనిదాన్నే కదా జనం అడిగేది! దాన్నే దాచిపెట్టి, తేలినవి మాత్రం చూపిస్తే ఎవరికైనా అనుమానం రాదా? ఇవాళ్టికీ అమెరికాలో చాలామంది ప్రభుత్వం ఏదో దాస్తోందనుకుంటున్నారంటే ఆ విత్తనం అక్కడ పడింది.

ఇంకా బాధ కలిగించేది 1966 మార్చిలో మిషిగన్‌లో జరిగింది. డెక్స్‌టర్, హిల్స్‌డేల్ అనే రెండు ఊళ్ల దగ్గర పోలీసులు, రైతులు, కాలేజీ హాస్టల్లో పదుల మంది అమ్మాయిలు వెలుగులు చూశామన్నారు. బ్లూ బుక్‌కి సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్‌ని పంపారు. ఆయన కొద్ది రోజులు తిరిగి, ప్రెస్ మీటింగులో, వీటిలో కొన్ని చిత్తడి నేలల్లోంచి వచ్చే గ్యాస్ వెలుగులు కావచ్చు అన్నాడు. మన లంకల్లో, మడ అడవుల్లో పాతకాలం వాళ్లు కొరివి దెయ్యం అనేవాళ్లే, దానికి సైన్సు చెప్పే కారణాల్లో ఇదొకటి. కావచ్చు అన్నది కాస్తా పేపర్లలో 'చిత్తడి గ్యాసట!' అయింది. చూసినవాళ్లు దేశం మొత్తం ముందు నవ్వులపాలయ్యారు. ఆ రాష్ట్రం నుంచి ఎంపికైన జెరాల్డ్ ఫోర్డ్, తర్వాత ప్రెసిడెంట్ అయినాయన, మా జనానికి ఇంతకంటే మంచి జవాబు రావాలని పట్టుబట్టాడు, పార్లమెంటు కమిటీలో విచారణ జరిగింది, అది చివరికి కొలరాడో యూనివర్సిటీలో ఎడ్వర్డ్ కాండన్ నాయకత్వంలో ఒక అధ్యయనం దాకా వెళ్లింది. దీని వల్ల సైన్సుకి పెద్దగా ఒరిగేదేం లేదని కాండన్ రాశాడు, బ్లూ బుక్ మూతపడింది. హైనెక్ మాత్రం ఆ తర్వాత బ్లూ బుక్ పని తీరునే విమర్శిస్తూ 1973లో సొంతంగా ఒక అధ్యయన సంస్థ పెట్టుకున్నాడు.

ఆయన చెప్పిన కారణం తప్పా రైటా అన్నది పక్కన పెట్టండి. పొలంలో నిలబడ్డ మనిషి నువ్వు చూసింది ఇదీ అంటే ఒప్పుకుంటాడు, నువ్వు చూడలేదు అంటే ఒప్పుకోడు. ఒప్పుకోకూడదు కూడా.

ఇంకో సంగతి. 1955 నుంచి సీఐఏ యూ-2 అనే గూఢచారి విమానం ఎగరేసింది. ఆ రోజుల్లో ప్రయాణికుల విమానాలు చాలావరకు పది, ఇరవై వేల అడుగుల మధ్యే తిరిగేవి. యూ-2 అరవై వేల అడుగుల పైన. కింద సాయంత్రం అయిపోయి విమానం నడిపే పైలట్‌కి చీకటి పడుతున్నా అంత ఎత్తున ఉన్న వెండి రెక్కల మీద ఇంకా ఎండ పడుతూ ఉంటుంది, నిప్పు ముద్దలా మెరుస్తుంది. అంత ఎత్తున విమానం ఎగురుతుందని ఎవరికీ తెలియదు కదా, పైలట్లు నిజాయతీగా రిపోర్టు రాశారు. బ్లూ బుక్ వాళ్లు ఆ రిపోర్టుల తేదీ, టైము సీఐఏ వాళ్ల విమానాల లెక్కతో సరిచూసుకునేవాళ్లు. సరిపోయింది, ఏమిటో తెలిసిపోయింది! కానీ చూసినవాడికి చెప్పలేరు, రహస్యం. కాబట్టి ఏదో మంచు స్ఫటికాలనో, గాలి పొరల్లో వేడి తేడాలనో జవాబిచ్చేవాళ్లు. 1950ల చివర, 60లలో వచ్చిన రిపోర్టుల్లో సగానికి పైగా ఇలాంటి గూఢచారి విమానాలవేనని సీఐఏ సొంత పత్రికలో ఒక చరిత్రకారుడు 1997లో రాశారు. ఆ లెక్క మరీ ఎక్కువని వాదించేవాళ్లున్నారు, నాకూ అంత ఉంటుందనిపించదు. అయినా ఆ రిపోర్టుల్లో కొన్నిటికి జవాబు ఆఫీసులో తెలుసన్నది ఖాయం. ఆ పైలట్ మాత్రం తన కళ్లనే తాను అనుమానించుకుంటూ రిటైరయ్యి ఉంటాడు.

బ్రిటన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్కడ రక్షణ శాఖలో ఒక డెస్క్ ఉండేది, ఫోన్ నంబరు కూడా ఉండేది. 2009లో ఒక్క ఏడాదే 643 రిపోర్టులు వచ్చిపడ్డాయి, పెళ్లిళ్లలో ఎగరేసే కాగితపు దీపాలు అందులో బోలెడు. యాభై ఏళ్లలో ఒక్క రిపోర్టులోనూ దేశానికి ప్రమాదం కనబడలేదని చెప్పి ఆ డిసెంబరులో డెస్క్ ఎత్తేశారు. వాళ్లు చేసిన మంచి పనేమిటంటే పాత ఫైళ్లన్నీ విడతలు విడతలుగా జాతీయ ఆర్కైవ్స్‌లో జనానికి పెట్టేశారు.

ఇప్పుడు ఫ్రాన్స్ దగ్గర కాస్త ఆగాలి. నాకు నచ్చిన పద్ధతి అదే. మనకి ఇస్రో ఎలాగో వాళ్లకి సీఎన్‌ఈఎస్ అలాగ. 1977లో దానిలో, తులూజ్‌లో, ఒక చిన్న విభాగం పెట్టారు. ఇప్పుడు దాని పేరు జైపాన్. సైన్యంలో పెట్టలేదు, అంతరిక్ష సంస్థలో పెట్టారు, మొత్తం తేడా ఇక్కడే వచ్చింది. పల్లెల్లో పోలీసు పని చేసే జాందార్మ్‌లు ఉంటారు, ఎవరైనా వచ్చి ఫలానాది చూశానంటే వాళ్లు వాంగ్మూలం తీసుకోవాలి, దొంగతనం కేసులో తీసుకున్నట్టే. నిలబడ్డ చోటు, చూసిన దిక్కు, ఎంతసేపు, గాలి, మబ్బు, శబ్దం, పక్కన ఎవరున్నారు. ఆ కాగితం తులూజ్ వెళ్తుంది.

1981 జనవరిలో దక్షిణ ఫ్రాన్స్‌లో ట్రాన్స్-ఆన్-ప్రోవాన్స్ అనే ఊళ్లో ఒకాయన తన ఇంటి దగ్గర పని చేసుకుంటుంటే ఏదో దిగి, కాసేపుండి, లేచిపోయిందన్నాడు. మర్నాడు జాందార్మ్‌లు వచ్చారు. నవ్వలేదు, నమ్మేయనూ లేదు. నేల మీద గుండ్రటి గుర్తు ఉంటే ఫొటో తీశారు, కొలిచారు, ఆ మట్టి కొంచెం, కాస్త దూరంలో మట్టి కొంచెం, విడివిడిగా తీశారు. పక్కనున్న గడ్డి ఆకులు కూడా తీసి ల్యాబుకి పంపారు. దూరంలో మట్టి ఎందుకు తీశారో గమనించండి, పోల్చుకోవడానికి! మా బీఎస్సీ పిల్లలకి ఏడాదంతా మొత్తుకున్నా తలకెక్కని సంగతి, ఆ పల్లె పోలీసులు పొలం గట్టు మీద చేసి చూపించారు. ఆ కేసు ఇవాళ్టికీ తేలలేదు, దాని మీద వాదోపవాదాలు ఉన్నాయి, అయినా వాదించుకోవడానికి ఫైలంటూ ఒకటుంది.

వాళ్లు కేసులకి ఏ, బీ, సీ, డీ అని గుర్తులు పెడతారు. ఏ అంటే ఖచ్చితంగా తేలింది, బీ అంటే దాదాపు తేలింది, సీ అంటే సమాచారం చాలదు, డీ అంటే సమాచారం బాగానే ఉంది అయినా తేలలేదు. ఈ సీ, డీ విడదీయడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. మన ఊళ్లో మనమైతే ఈ రెండూ ఒకే గంపలో వేస్తాం. సగం మసక ఫొటో చూపించి, చూశావా ఎవరూ చెప్పలేకపోయారు అంటాం. చెప్పలేకపోవడం కాదండి, చెప్పడానికి అందులో ఏమీ లేదు. 2007లో వాళ్లు ఫైళ్లను ఇంటర్నెట్‌లో పెట్టారు, పాత డీ కేసుల్ని మళ్లీ తవ్వారు, కొత్త సమాచారంతో కొన్ని ఏలోకో బీలోకో మారాయి. ఇప్పుడు డీ అనేవి నూటికి మూడో నాలుగో.

అమెరికా కూడా ఈ మధ్య అటే జరుగుతోంది. 2021 జూన్‌లో వాళ్ల ఇంటెలిజెన్స్ శాఖ నివేదికలో 144 కేసులుంటే ఒక్కటే తేలింది, గాలి పోతున్న పెద్ద బెలూన్. నవ్వుతారేమో అన్న భయంతో పైలట్లు రిపోర్టు చెయ్యడం లేదని అదే నివేదిక రాసింది. 2022లో రక్షణ శాఖలో ఏఏఆర్‌ఓ అనే కొత్త ఆఫీసు పెట్టారు. 2024 నవంబరు నివేదికలో 757 కొత్త రిపోర్టులు చూపించి, ఇంకా లోతుగా చూడాల్సినవి 21 అన్నారు, వేరే గ్రహాలవాళ్ల సాంకేతికత అనడానికి ఆధారం దొరకలేదనీ అన్నారు. నాసా కమిటీ 2023లో చెప్పింది కూడా ఇదే ధోరణి: ముందు మంచి కొలతలు కావాలి, చూసినవాళ్లు చెప్పుకోవడానికి సిగ్గుపడే పరిస్థితి పోవాలి.

సరే, మన దేశానికి వద్దాం. లడఖ్‌లో పాంగాంగ్ సరస్సు, సుమారు 14 వేల అడుగుల ఎత్తు, అటుపక్క చైనా. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా మన జవాన్లు కొండల మీద వెలుగులు లేచి గంటల తరబడి కదులుతూ ఉండటం చూశారు. 329 సార్లు లాగ్‌బుక్కులో రాశారు. చైనా డ్రోన్లని అనుమానం, పేపర్లలో పెద్ద టెన్షన్. అప్పుడు సైన్యం ఒక మంచి పని చేసింది, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లని పిలిచింది. ఆ వెలుగు ఏ టైముకి, ఏ దిక్కున, ఎంత ఎత్తున కనబడుతోందో లెక్కగా చూస్తే రెండు వెలుగులూ తేలిపోయాయి. ఒకటి గురుడు, ఇంకోటి శుక్రుడు. మన వేగుచుక్కేనండి!

దీన్ని పట్టుకుని జవాన్లని వెక్కిరించినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అంత ఎత్తున గాలి పల్చన, ఆకాశం నల్లగా, చుక్క మనం ఇక్కడ చూసేదానికంటే ఎంతో కాంతిగా ఉంటుంది. చుట్టూ చీకట్లో ఒక్క వెలుగునే కన్నార్పకుండా చూస్తే అది కదిలినట్టే అనిపిస్తుంది, మనిషి కన్ను తీరే అంత. ఆ జవాన్లు రాసిపెట్టబట్టే కదా తేలింది. వేగుచుక్క అని తెలుసుకోగలిగింది 329 సార్లు ఓపిగ్గా రాసినవాడి వల్ల.

ఇంఫాల్‌లో 2023 నవంబరు 19న ఎయిర్‌పోర్టు దగ్గర ఏదో కనబడిందని కొన్ని గంటలు విమానాలు ఆపేశారు, రఫేల్ విమానాలు వెళ్లి వెతికాయి, ఆ తర్వాత ఆ వస్తువు కనబడలేదని ఎయిర్‌ఫోర్స్ ప్రకటించింది. భద్రత వరకు చెయ్యాల్సింది చేశారు, చకచకా చేశారు. జనానికి అందిన కథ మాత్రం అక్కడితో ఆగిపోయింది.

కింద పడిన వస్తువైతే మన యంత్రాంగం బాగానే కదులుతుంది, ఇది ఒప్పుకోవాలి. 2022 ఏప్రిల్‌లో మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకి ఎంతో దూరం లేదు, రాత్రి ఆకాశంలో నిప్పుల వరస కనబడి పెద్ద లోహపు చక్రం ఊళ్లో పడింది. పోలీసులు భద్రం చేశారు, ఇస్రో వాళ్లు వచ్చి చూశారు, చైనా రాకెట్ ముక్కని తేలింది. అదే ఏడాది డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో గుండ్రటి గది లాంటిది దిగితే జనం ఎగబడ్డారు. అది హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి పైకి పంపిన స్పెయిన్ కంపెనీ ప్రయోగం.

మరి వెలుగు మాత్రమే కనబడి, ఏదీ కింద పడకపోతే? అక్కడే మన దగ్గర ఖాళీ ఉంది. ఫ్రాన్స్‌లో ఉన్నట్టు దీనికంటూ ఒక ఆఫీసు మనకి లేదు. స్టేషన్లో చెప్తే ఎస్సైగారు మంచివాడైతే డైరీలో ఎక్కిస్తారు, ఆ తర్వాత ఆయన మాత్రం ఎవరికి పంపాలి? మా వీధి కుర్రాడొకడు చెరువు మకాం దగ్గర ఇరవై ముప్పై దీపాలు తాడుకి కట్టినట్టు ఒకే వరసలో పోవడం చూసి చెప్పబోతే, రాత్రి ఎంత తాగావని అడిగారట. ఆ కుర్రాడు టీ తప్ప ఏదీ ముట్టడు. వాడు చూసింది స్టార్‌లింక్ ఉపగ్రహాలు, 2019 మే నుంచి డజన్ల కొద్దీ ఒకేసారి వదులుతున్నారు, వదిలిన కొద్ది రోజులదాకా సంధ్య వేళల్లో అలాగే వరసగా కనబడతాయి. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఒక్క ప్రశ్నతో వాడు జన్మలో ఇంకేదీ చెప్పడు, రేపు నిజంగా తీరం వెంట అనుమానపు డ్రోన్ తిరిగినా చెప్పడు. నా కోపమంతా అక్కడే.

మన డెల్టా ఆకాశంలో వింతలకి కొదవ లేదు. ఓఎన్‌జీసీ బావుల దగ్గర గ్యాస్ మంట, మబ్బు కిందకి దిగిన రాత్రి దాని ఎర్ర వెలుగు మబ్బు మీద పడి ఎక్కడో మైళ్ల అవతల కనబడుతుంది. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండినప్పుడు ఆ వెలుగు ఎలా ఉండేదో ఇక్కడి పెద్దవాళ్లకి గుర్తే. మచిలీపట్నం వాతావరణ కేంద్రం నుంచి బెలూన్ లేస్తుంది, ముప్పై కిలోమీటర్ల దాకా పోయి పగిలి, దానికి కట్టిన చిన్న పెట్టె ఏ చేలోనో పడుతుంది. శ్రీహరికోట రాకెట్టు పొద్దు గూకాక లేస్తే పొగ మీద ఎండ పడి రంగులు తేలతాయి. చేలకి మందు కొట్టే డ్రోన్లు సరేసరి. వీటిలో ఏదీ కానిదీ ఒకటి ఎప్పుడైనా కనబడొచ్చు. ముందు వీటిని తీసేస్తేగా అది తేలేది!

పద్ధతి అంటే ఏమిటో గోదావరి పక్కన పుట్టినవాళ్లకి నేను చెప్పాలా? ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం వరద లేనప్పుడూ రాస్తారు, ఉన్నప్పుడు గంట గంటకీ రాస్తారు. 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 దాటితే రెండోది, 17 దాటితే మూడోది. స్కేలు చూసి అంకె రాసేవాడిని నీకు భ్రమేమో అని ఎవరూ అనరు. ఆ అంకె లంకలో ఉన్న మనిషి దాకా వస్తుంది. ఆకాశానికి కూడా అదే మర్యాద ఇమ్మంటున్నాను.

ఎలా రాయాలో చెప్తాను. కనబడగానే ఫోన్లో టైము చూడండి. నిలబడ్డ చోటు నుంచి కదలకండి, ఏ కొబ్బరిచెట్టు మొవ్వు మీదుగా, ఏ కరెంటు స్తంభం పక్కన ఉందో గుర్తు పెట్టుకోండి. చెయ్యి చాపి పిడికిలి పట్టండి, ఒక పిడికిలి దాదాపు పది డిగ్రీలు, నేల అంచు నుంచి ఎన్ని పిడికిళ్ల ఎత్తో చూడండి. వీడియో తీస్తే జూమ్ చెయ్యకండి, జూమ్ చేస్తే ఏ చుక్కయినా పళ్లెంలా ఉబ్బుతుంది, ఫోన్ని స్తంభానికి ఆనించి చెట్టు కూడా పడేలా తీయండి. ఇంకొకరితో మాట్లాడకముందే రాసుకోండి, మాట్లాడాక ఇద్దరి జ్ఞాపకాలూ కలిసిపోతాయి. మర్నాడు అదే చోట అదే టైముకి నిలబడండి. నక్షత్రమైతే రోజుకి సుమారు నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తుంది. గ్రహమైతే కాస్త అటూ ఇటూ అయినా ఆ దగ్గర్లోనే ఉంటుంది.

(ఇక్కడ సభలోంచి ఒక ఆక్వా రైతు అడిగారు: "మాస్టారండీ, అదంతా రాస్తాం సరే, రాసి ఎవరికివ్వమంటారు?")

మంచి ప్రశ్న అడిగారండి. ఏదైనా కింద పడితే ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, 112కి ఫోన్ చేసి తహసీల్దారు ఆఫీసుకి చెప్పండి. డ్రోన్ అని అనుమానముంటే స్టేషన్లో, తీరం వెంట అయితే మెరైన్ పోలీసులకి. రాజమండ్రి దగ్గర మధురపూడి ఎయిర్‌పోర్టు దరిదాపుల్లో విమానాల దారికి అడ్డంగా కనబడితే ఆలస్యం చెయ్యకుండా ఎయిర్‌పోర్టు వాళ్లకి. నోటిమాటగా వద్దు, కాగితం మీద రాసిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

వీటిలో ఏదీ కాని ఉత్త వెలుగైతే, ఫ్రాన్స్ లాంటి ఆఫీసు మన దేశంలో వచ్చేదాకా ఈ గ్రంథాలయంలోనే ఒక రిజిస్టరు పెడదామని లైబ్రేరియన్‌గారిని అడిగాను, సరేనన్నారు. గడులు గీసి తెచ్చాను, ఇదిగో: తేదీ, టైము, నిలబడ్డ చోటు, దిక్కు, ఎత్తు ఎన్ని పిడికిళ్లు, ఎంతసేపు, మబ్బు ఉందా, శబ్దం ఉందా, పక్కన ఎవరు. పేరు రాయడం ఇష్టముంటేనే. చివరి గడిలో ఏ, బీ, సీ, డీ అని నేనూ, మా కాలేజీ కుర్రాళ్లూ నెలకోసారి కూర్చుని వేస్తాం, ఎందుకలా వేశామో కూడా పక్కన రాస్తాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, కాదని వాదించొచ్చు. చెరువుల మీద కాపలా ఉండే కుర్రాళ్లు ఇప్పుడే ముందుకి రండి, ఇప్పటిదాకా చూసినవేమైనా ఉంటే చెప్పండి, రాయడం రానివాళ్లకి నేను కూర్చుని రాసిపెడతాను.